ఎగువ స్థాయి మేఘాలు (విమానయానం)

ఎగువ స్థాయి మేఘాలు అనగా భూమి నుండి చాలా ఎత్తున, ముఖ్యంగా మంచు స్ఫటికాలతో ఏర్పడే మేఘాలు. సిర్రస్, సిర్రోక్యుములస్, సిర్రోస్ట్రేటస్ అనే మూడు ప్రజాతులు ఈ వర్గంలోకి వస్తాయి. జెట్ విమానాలు సాధారణంగా 30,000 నుండి 42,000 అడుగుల ఎత్తులో ప్రయాణిస్తాయి. ఈ మేఘాలు కూడా అదే ఎత్తులో ఉంటాయి కనుక వీటిని గుర్తించడం పైలట్ల శిక్షణలో ఒక ముఖ్యమైన పాఠం.

ఈ మేఘాల వలన విమానానికి నేరుగా కలిగే ప్రమాదం చాలా తక్కువ. ఘన స్థితిలో ఉన్న మంచు స్ఫటికాలు చల్లని రెక్కలకు అంటుకొనవు, తగిలి జారిపోతాయి. అయినా పైలట్లు వీటిని నేర్చుకోవడానికి కారణం ఉంది. ఈ మేఘాలు ఎక్కడి నుండి వచ్చాయో చెప్పగలిగితే ముందు ఏమి ఎదురవుతుందో కూడా చాలావరకు చెప్పవచ్చు. దూరంగా ఉన్న వాన, బలమైన జెట్ ప్రవాహం, ఉరుముల మేఘం - ఈ మూడూ ఎగువ స్థాయి మేఘాల ద్వారా తమ ఉనికిని ముందుగానే తెలుపుతాయి. చూడడానికి ఒకే విధంగా ఉండే రెండు తెల్లని పొరలలో ఒకటి నిరపాయమైనది, మరొకటి ప్రాణాంతకమైనది కావచ్చు.

పేర్లు, చరిత్ర

లండనుకు చెందిన ల్యూక్ హోవర్డ్ (1772-1864) వృత్తిరీత్యా మందుల తయారీదారు. ఆయన 1802 డిసెంబరులో ఒక విజ్ఞాన సంఘంలో మేఘాల రూపాంతరాలపై ప్రసంగించాడు. మేఘాలకు సిర్రస్, క్యుములస్, స్ట్రేటస్, నింబస్ అనే లాటిన్ పేర్లను ఆ ప్రసంగంలోనే ప్రతిపాదించాడు. సిర్రస్ అంటే లాటిన్ భాషలో జుట్టు పాయ లేక ముంగురులు, క్యుములస్ అంటే కుప్ప, స్ట్రేటస్ అంటే పరచిన పొర. సిర్రో-క్యుములస్, సిర్రో-స్ట్రేటస్ అనే మిశ్రమ పేర్లు కూడా ఆయన వాడినవే. అదే 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ మేఘాలకు ఫ్రెంచి పేర్లు సూచించాడు గాని అవి వాడుకలోకి రాలేదు.

1896లో మొదటి అంతర్జాతీయ మేఘపటం వెలువడింది. దీని తాజా కూర్పును ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో ప్రచురించింది. పైలట్లు, వాతావరణ పరిశీలకులు నేటికీ ఈ వర్గీకరణనే అనుసరిస్తారు.

ఎత్తు, ఉష్ణోగ్రత, నిర్మాణం

ఎగువ స్థాయి అనే మాటకు ప్రపంచమంతటా ఒకే కొలత లేదు. అక్షాంశాన్ని బట్టి అది మారుతుంది.

* ధ్రువ ప్రాంతాలు: 3 నుండి 8 కి.మీ. (సుమారు 10,000 - 25,000 అడుగులు)
* సమశీతోష్ణ ప్రాంతాలు: 5 నుండి 13 కి.మీ. (సుమారు 16,500 - 45,000 అడుగులు)
* ఉష్ణ ప్రాంతాలు: 6 నుండి 18 కి.మీ. (సుమారు 20,000 - 60,000 అడుగులు)

ఈ తేడాకు కారణం ఉష్ణోగ్రత. భూమధ్యరేఖ వద్ద గాలి వెచ్చగా ఉండి చాలా ఎత్తు వరకు పొంగుతుంది. అందువలన మేఘాలు పూర్తిగా మంచుగా మారేంత చలి అక్కడ మరింత ఎత్తున గాని లభించదు. విమానయానంలో వాడే ప్రామాణిక వాతావరణం ప్రకారం సముద్ర మట్టం వద్ద ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతూ 11 కి.మీ. వద్ద -56.5 డిగ్రీలకు చేరుతుంది. 30,000 అడుగుల వద్ద ఇది సుమారు -44 డిగ్రీలు.

నీరు 0 డిగ్రీల వద్ద గడ్డకడుతుందని మనం చదువుకుంటాము. కాని మేఘంలోని చిన్న బిందువులు అంతకంటె చాలా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా ద్రవంగానే ఉండగలవు. వీటిని అతిశీతల బిందువులు అంటారు. విమానపు రెక్కలకు తగిలిన వెంటనే ఇవి గడ్డకట్టి పేరుకుపోతాయి. రెక్కలపై మంచు పట్టడానికి అసలు కారణం ఈ బిందువులే. సుమారు -40 డిగ్రీల దగ్గర అవి కూడా వాటంతట అవే గడ్డకడతాయి. అందుచేత ఎగువ స్థాయి మేఘాలలో రెక్కలపై మంచు పట్టడం అరుదు. సిర్రోక్యుములస్ మేఘంలో మాత్రం అతిశీతల బిందువులు కొద్దికాలం ఉండవచ్చు.

ప్రధాన రకాలు

సిర్రస్

సిర్రస్ మేఘాలు తెల్లని సన్నని పోగులుగా, ఈకలుగా, దూదిని దువ్వినట్లుగా కనిపిస్తాయి. పట్టు దారపు మెరుపు వీటి లక్షణం. మేఘం పైభాగంలో ఏర్పడిన స్ఫటికాలు కిందికి రాలుతూ, వేరే వేగం గల గాలిలోకి ప్రవేశించినప్పుడు వెనుకకు వంగుతాయి. గుర్రపు తోకల వంటి ఆకారం ఈ విధంగానే ఏర్పడుతుంది. ఈ తోకలు నేలను చేరకుండానే పొడి గాలిలో ఆవిరైపోతాయి.

సిర్రస్‌లో ఐదు జాతులు ఉన్నాయి.

* ఫైబ్రేటస్: కొక్కేలు లేని తిన్నని లేక కొద్దిగా వంగిన పోగులు.
* అన్సైనస్: చివర కొక్కెం లేక చిన్న కుచ్చు కలిగిన పోగులు. ఎత్తులో గాలి వేగం మారుతున్నదని తెలుపుతుంది.
* స్పిస్సేటస్: దట్టమైన ముద్ద. సూర్యుని వైపు చూస్తే బూడిద రంగులో కనిపిస్తుంది. తరచుగా ఉరుముల మేఘం నుండి విడిపోయిన భాగం.
* కాస్టెల్లానస్: పైన చిన్న బురుజులు కలిగినది. ఆ ఎత్తులో గాలి అస్థిరంగా ఉన్నదని, కుదుపులు ఉండవచ్చని సూచన.
* ఫ్లోకస్: విడివిడి కుచ్చులు, వాటి కింద తోకలు.

సిర్రోక్యుములస్

ఇవి చాలా చిన్న తెల్లని గింజలుగా, అలలుగా, చేప పొలుసులుగా అమరి ఉంటాయి. వీటికి నీడ భాగం ఉండదు. మూడింటిలో ఇవే అరుదైనవి. ఎక్కువసేపు నిలువక కొద్ది నిమిషాలలోనే సిర్రస్‌గా గాని సిర్రోస్ట్రేటస్‌గా గాని మారుతుంటాయి. అతిశీతల బిందువులు ఉన్నప్పుడు సూర్యచంద్రుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు పూసినట్లు కనిపించవచ్చు. ఇది కాంతి వివర్తనం వలన కలుగుతుంది.

ఈ మేఘం ఉన్నదంటే ఆ పొరలో గాలి పైకీ కిందికీ చిన్నగా కదులుతున్నదని అర్థం. కనుక తేలిక నుండి ఒక మాదిరి కుదుపులు, స్వల్పంగా మంచు పట్టడం సంభవించవచ్చు. కటకం ఆకారంలో ఉండే లెంటిక్యులారిస్ అనే జాతి పర్వతాలకు అవతల గాలిలో లేచే తరంగాలను సూచిస్తుంది.

సిర్రోస్ట్రేటస్

ఇది ఆకాశమంతా పరచుకొనే పలుచని తెల్లని తెర. ఒక్కొక్కప్పుడు ఎంత పలుచగా ఉంటుందంటే, ఆకాశపు నీలం కొద్దిగా పాలిపోవడం తప్ప మరే గుర్తూ ఉండదు. ఇటువంటప్పుడు దానిని పట్టి ఇచ్చేది పరివేషం. తెలుగు పల్లెలలో దీనినే గుడి లేక వరదగుడి అంటారు. చంద్రుని చుట్టూ గుడి కట్టితే వాన వస్తుందని రైతులు చెప్పుకుంటారు. సిర్రోస్ట్రేటస్ వెనుక వాన మేఘాలు తరచుగా వస్తాయి కనుక ఈ నమ్మకానికి కొంత ఆధారం ఉంది. అయితే ప్రతి గుడి తరువాత వాన రాదు.

షట్కోణాకారపు మంచు స్ఫటికాల గుండా వెలుగు వెళ్ళినప్పుడు వక్రీభవనం చెంది, సూర్యుని నుండి సుమారు 22 డిగ్రీల వ్యాసార్థంతో వలయం ఏర్పడుతుంది. చేయి పూర్తిగా చాచి వేళ్ళు విప్పినప్పుడు బొటనవేలి కొన నుండి చిటికెన వేలి కొన వరకు ఉండే దూరం దాదాపు ఇంతే. ఇలా కొలిచేటప్పుడు సూర్యుని తప్పనిసరిగా బొటనవేలితో కప్పుకొనవలెను, నేరుగా చూడరాదు. సూర్యునికి ఇరువైపులా కనిపించే ప్రకాశవంతమైన చుక్కలను సూర్యాభాసాలు అంటారు. ఇవి కూడా మంచు స్ఫటికాల గుర్తులే.

సిర్రోస్ట్రేటస్‌లో ఫైబ్రేటస్ (పోగులు కనిపించేది), నెబ్యులోసస్ (ఏ గీతా లేని మసక తెర) అనే రెండు జాతులు ఉన్నాయి.

నేల నుండి గుర్తించే పద్ధతి

మేఘం ఎత్తును కంటితో అంచనా వేయడం కష్టం. అందుచేత పరిశీలకులు కింది పరీక్షలు వాడతారు.

* వేలి పరీక్ష: దిక్చక్రం నుండి 30 డిగ్రీలకు పైన ఉన్న మేఘపు గింజలను చేయి చాచి చిటికెన వేలితో పోల్చాలి. చాలావరకు గింజలు వేలి వెడల్పు (సుమారు 1 డిగ్రీ) కంటె చిన్నవైతే అది సిర్రోక్యుములస్. 1 నుండి 5 డిగ్రీల వరకు ఉంటే అది మధ్య స్థాయికి చెందిన ఆల్టోక్యుములస్.
* నీడ పరీక్ష: గింజల అడుగున బూడిద రంగు నీడ ఉంటే అది ఆల్టోక్యుములస్. సిర్రోక్యుములస్‌కు నీడ ఉండదు.
* నేలపై నీడ: పలుచని తెర గుండా వచ్చిన ఎండలో మన నీడ నేలపై పడుతుంటే అది సిర్రోస్ట్రేటస్. నీడ పడక, సూర్యుడు గరుకు గాజు వెనుక ఉన్నట్లు కనిపిస్తే అది మధ్య స్థాయికి చెందిన ఆల్టోస్ట్రేటస్. సూర్యుడు బాగా వాలినప్పుడు ఈ పరీక్ష నమ్మదగినది కాదు.
* పరివేషం: 22 డిగ్రీల వలయం కనిపిస్తే అది మంచు స్ఫటికాల మేఘం. ఆల్టోస్ట్రేటస్‌లో పరివేషం కనిపించదు.
* ఆధారం: దట్టమైన సిర్రస్ కనిపించినప్పుడు దాని అంచును వెనుకకు అనుసరించి చూడాలి. అది ఒక క్యుములోనింబస్ శిఖరానికి కలిసి ఉన్నదా, విడిగా ఉన్నదా అన్నది విమానయానంలో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న.

విమానం నుండి చూసినప్పుడు

నేల నుండి నేర్చుకున్న రూపాలు గాలిలో కొంత మారిపోతాయి. సిర్రస్ మేఘంలోకి ప్రవేశించిన పైలట్‌కు పోగులు కనిపించవు, పొగమంచు వంటి తెల్లదనం మాత్రమే కనిపిస్తుంది. మేఘపు అంచు ఎక్కడ మొదలైనదో కూడా తెలియకపోవచ్చు.

సిర్రోస్ట్రేటస్ లోపల గాని, రెండు పొరల మధ్య గాని ప్రయాణించేటప్పుడు దిక్చక్రం కనిపించదు. మేఘపు పొర కొద్దిగా ఏటవాలుగా ఉన్నప్పుడు పైలట్ దానినే సమతలంగా భ్రమించి విమానాన్ని ఒక పక్కకు వంచే అవకాశం ఉంది. దీనిని మిథ్యా దిక్చక్రం అంటారు. కిటికీ బయట కనిపించేదానిని గాక కృత్రిమ దిక్చక్ర పరికరాన్ని నమ్మడమే దీనికి పరిహారం. సూర్యునికి ఎదురుగా వెళ్ళేటప్పుడు స్ఫటికాల వలన వెలుగు చెదిరి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. అప్పుడు ముందున్న మేఘపు బురుజులు కనిపించకపోవచ్చు.

రాత్రి వేళ నక్షత్రాలే పరీక్ష. దిక్చక్రం దగ్గరి నక్షత్రాలు ఒక వైపు మాయమైతే అక్కడ మేఘం ఉన్నదని గ్రహించాలి.

ఎగువ మేఘాలు తెలిపే విషయాలు

సమీపిస్తున్న వాతాగ్రం

సమశీతోష్ణ మండలంలో వెచ్చని గాలి చల్లని గాలిపైకి నెమ్మదిగా ఎక్కే సరిహద్దును ఉష్ణ వాతాగ్రం అంటారు. దీని వాలు చాలా తక్కువ. 150 నుండి 200 కి.మీ. దూరానికి సుమారు 1 కి.మీ. మాత్రమే ఎత్తు పెరుగుతుంది. అందువలన నేలపై వాతాగ్రం ఉన్న చోటికి వందల కిలోమీటర్ల ముందే, ఒక్కొక్కప్పుడు 1,000 కి.మీ. ముందే సిర్రస్ కనిపిస్తుంది. తరువాత వరుసగా సిర్రోస్ట్రేటస్, ఆల్టోస్ట్రేటస్, చివరకు ఎడతెగని వాన కురిపించే నింబోస్ట్రేటస్ వస్తాయి.

చిన్న విమానాలు నడిపే పైలట్లకు ఈ క్రమం ముఖ్యం. వారు సిర్రస్ ఎత్తుకు ఎన్నడూ వెళ్ళరు. కాని సిర్రస్ చిక్కబడుతూ సిర్రోస్ట్రేటస్‌గా మారుతున్నదంటే, కొన్ని గంటలలో మేఘాలు కిందికి దిగి దృశ్యత తగ్గవచ్చునని, మధ్య స్థాయి మేఘాలలో రెక్కలపై మంచు పట్టవచ్చునని వారు గ్రహించాలి. దీనికి భిన్నంగా, చెదురుమదురుగా ఉండి చిక్కబడని సిర్రస్ సాధారణంగా మంచి వాతావరణంలోనే కనిపిస్తుంది. మేఘం ఉండడం కంటె అది ఎలా మారుతున్నదన్నదే అసలు సూచన.

జెట్ ప్రవాహం

జెట్ ప్రవాహం అనగా ట్రోపోపాజ్ దగ్గర సన్నని పట్టీగా వీచే అతివేగమైన గాలి. దీని పక్కన సిర్రస్ పొడవైన పట్టీలుగా ఏర్పడుతుంది. ఉత్తరార్ధగోళంలో ఈ మేఘం సాధారణంగా ప్రవాహానికి దక్షిణం వైపున ఉంటుంది, దాని ఉత్తరపు అంచు కత్తిరించినట్లు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ అంచుకు దగ్గరలోనే గాలి వేగం వేగంగా మారుతుంది కనుక మేఘం లేని చోట కూడా గట్టి కుదుపులు తగులుతాయి. వీటిని నిర్మల గగన కుదుపులు అంటారు. వాతావరణ రాడార్‌కు ఇవి కనిపించవు, ఎందుకంటే ప్రతిఫలించడానికి అక్కడ నీటి బిందువులు లేవు.

గాలి దిశకు అడ్డంగా, దువ్వెన పళ్ళలాగా సిర్రస్ పట్టీలు ఏర్పడితే కుదుపుల అవకాశం ఎక్కువ. విరిగిపడే అలల వంటి రూపం కనిపిస్తే రెండు గాలి పొరలు ఒకదానిపై ఒకటి వేరు వేరు వేగాలతో జారుతున్నాయని అర్థం. అటువంటి గుర్తులు కనిపించినప్పుడు సిబ్బంది ముందుగానే వేగాన్ని సరిచేసి, ప్రయాణికుల చేత బెల్టులు పెట్టిస్తారు. ఎత్తు మార్చుకొనడానికి అనుమతి అడుగుతారు.

ఉరుముల మేఘపు దాగలి

క్యుములోనింబస్ మేఘం ట్రోపోపాజ్‌ను తాకినప్పుడు ఇక పైకి పోలేక పక్కలకు విస్తరిస్తుంది. కమ్మరి దాగలి ఆకారంలో కనిపించే ఈ పైభాగం కూడా మంచు స్ఫటికాల మేఘమే. గాలి దానిని వందల కిలోమీటర్ల దూరం మోసుకొనిపోగలదు. ఆ చివరి భాగం మామూలు సిర్రస్‌కు, సిర్రోస్ట్రేటస్‌కు ఏమాత్రం తేడా లేకుండా కనిపిస్తుంది. తేడా అంతా దాని మొదటి భాగంలో ఉంటుంది.

దాగలి కింద మేఘం లేని చోట కూడా వడగండ్లు పడవచ్చు. అందుచేత తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 మైళ్ళ దూరం పాటించవలెనని అమెరికా విమానయాన శాఖ పైలట్ల చేతిపుస్తకం చెప్తుంది. పైనుండి దాటవలసి వస్తే శిఖరం వద్ద గాలి వేగం ప్రతి 10 నాట్‌లకు 1,000 అడుగుల చొప్పున ఎడం ఉంచాలి. అనగా గాలి 50 నాట్‌లు ఉంటే 5,000 అడుగులు. ఉష్ణ ప్రాంతాలలో ట్రోపోపాజ్ 16-17 కి.మీ. ఎత్తున ఉంటుంది. ప్రయాణికుల విమానాలు సుమారు 13 కి.మీ. మించి ఎగరలేవు కనుక అక్కడ పెద్ద మేఘాలను పైనుండి దాటడం సాధ్యం కాదు, చుట్టి వెళ్ళడమే మార్గం.

మంచు స్ఫటికాల ప్రమాదం

చాలాకాలం వరకు మంచు స్ఫటికాలు విమానానికి హాని చేయవనే భావించేవారు. రెక్కల విషయంలో ఇది నిజమే. కాని వెచ్చగా ఉండే రెండు చోట్ల ఇది నిజం కాదు. మొదటిది ఇంజను లోపలి భాగం. స్ఫటికాలు అక్కడ కొంత కరిగి, లోహపు భాగాలను తడిపి చల్లబరచి, మళ్ళీ గడ్డకట్టి పేరుకుంటాయి. ఆ గడ్డలు విరిగిపడినప్పుడు ఇంజను శక్తి తగ్గడం, ఆగిపోవడం, లోపలి రెక్కలు దెబ్బతినడం జరుగుతుంది. 1990ల నుండి ఇటువంటి సంఘటనలు వందకు పైగా నమోదైనాయి. రెండవది వేగాన్ని కొలిచే పీటో గొట్టం. దానిని వేడి చేసే ఏర్పాటు ఉన్నా, లోపలికి వచ్చే స్ఫటికాల పరిమాణం మితిమీరితే గొట్టం మూసుకొనిపోతుంది.

2009 జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్ సముద్రంపై భూమధ్యరేఖ ప్రాంతపు ఉరుముల మేఘాల మధ్య 35,000 అడుగుల ఎత్తులో ప్రయాణిస్తున్నది. సిబ్బంది దారిని కొద్దిగా ఎడమకు మార్చారు. ఆ తరువాత స్ఫటికాల వలన పీటో గొట్టాలు మూసుకొనిపోయి, వేగ సూచికలు పొసగని అంకెలు చూపించాయి. ఆటోపైలట్ తనంతట తాను విడిపోయింది. గొట్టాలలోని ఆటంకం ఒక నిమిషం లోపే తొలగినా, ఈలోగా విమానపు ముక్కును పైకెత్తడం వలన రెక్కలు ఎత్తే బలాన్ని కోల్పోయాయి. ఈ స్థితిని స్టాల్ అంటారు. సిబ్బంది దానిని గుర్తించలేకపోయారు. ఆటోపైలట్ విడిపోయిన 4 నిమిషాల 23 సెకన్లకు విమానం సముద్రంలో పడి, అందులోని 228 మంది మరణించారు. శిథిలాలు 2011 ఏప్రిల్‌లో సుమారు 3,900 మీటర్ల లోతున దొరికాయి. ఫ్రాన్సు దర్యాప్తు సంస్థ తుది నివేదికను 2012 జూలైలో వెలువరించింది. మంచు స్ఫటికాలు ప్రమాదానికి తొలి కారణం మాత్రమేనని, ఆపై సిబ్బంది స్పందన, శిక్షణ, హెచ్చరికల తీరు కూడా కారణాలని ఆ నివేదిక వివరించింది.

ఈ ప్రమాదం తరువాత పలు మార్పులు జరిగాయి. 2009లోనే ఐరోపా విమాన భద్రతా సంస్థ ఆ రకపు పీటో గొట్టాలను మార్చవలసిందిగా ఆదేశించింది. 2013 నవంబరులో అమెరికా విమానయాన శాఖ ఒక రకం ఇంజను గల బోయింగ్ 747-8, 787 విమానాలు స్ఫటికాలు గల ఉరుముల మేఘాలకు 50 నాటికల్ మైళ్ళ దూరం పాటించవలెనని ఉత్తర్వు ఇచ్చింది. 2014లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నుండి, 2015లో ఫ్రెంచి గయానాలోని కయెన్ నుండి పరిశోధక విమానాలు ఇటువంటి మేఘాలలోకి వెళ్ళి కొలతలు తీసుకున్నాయి. మంచు స్ఫటికాలలో ఇంజన్ల పనితీరును పరీక్షించే కొత్త నిబంధనలు అమెరికాలో 2015 జనవరి నుండి అమలులోకి వచ్చాయి.

మామూలు సిర్రస్‌కు, ప్రమాదకరమైన స్ఫటికాల మేఘానికి తేడా తెలుసుకొనడానికి కింది గుర్తులు ఉపయోగపడతాయి.

* విమానం ఉన్న ఎత్తులో రాడార్ దాదాపు ఖాళీగా ఉండి, రాడార్‌ను కిందికి వంచినప్పుడు భారీ వర్షం కనిపించడం. పొడి స్ఫటికాలు రాడార్ తరంగాలను చాలా తక్కువగా ప్రతిఫలిస్తాయి.
* అంత చలిలో వాన కురవడం అసాధ్యమైనా, ముందు అద్దంపై వాన పడుతున్నట్లు శబ్దం, తడి కనిపించడం.
* బయటి ఉష్ణోగ్రతను చూపే పరికరం అకారణంగా 0 డిగ్రీల వైపు జరగడం.
* అద్దాలపై నీలి విద్యుత్ కాంతి కనిపించడం, కాక్‌పిట్‌లో ఓజోను వాసన రావడం.
* తేలిక నుండి ఒక మాదిరి కుదుపులు.

ఈ గుర్తులు కనిపించినప్పుడు తుఫాను మేఘం నుండి గాలి వచ్చే వైపుకు జరిగి దూరంగా వెళ్ళడం మంచిది. గాలి పోయే వైపున దాగలి విస్తరించి ఉంటుంది.

విమానాల మేఘరేఖలు

జెట్ విమానాల వెనుక ఏర్పడే తెల్లని రేఖలు కూడా ఎగువ స్థాయి మేఘాలే. ఇంజను నుండి వచ్చే వేడి నీటి ఆవిరి చల్లని గాలిలో గడ్డకట్టి ఇవి ఏర్పడతాయి. గాలి పొడిగా ఉంటే రేఖ వెంటనే మాయమవుతుంది. తేమగా ఉంటే గంటల తరబడి నిలిచి, వెడల్పై, సిర్రస్‌గా మారుతుంది. 2017 మేఘపటం నిలిచి ఉండే మేఘరేఖలకు మానవ చర్య వలన పుట్టినదనే అర్థంలో హోమోజెనిటస్ అనే పేరును చేర్చింది. చెరిగిపోని మేఘరేఖలు పైగాలిలో తేమ ఉన్నదని పైలట్‌కు తెలుపుతాయి.

వాతావరణ నివేదికలలో ఎగువ మేఘాలు

అంతర్జాతీయ నియమాల ప్రకారం విమానాశ్రయాల నివేదికలలో విమానాలు దిగడానికి, ఎగరడానికి సంబంధించిన తక్కువ ఎత్తు మేఘాలకు, క్యుములోనింబస్‌కు, ఎదుగుతున్న క్యుములస్‌కు ప్రాధాన్యం ఉంటుంది. సిర్రస్ చాలా దేశాల నివేదికలలో కనిపించకపోవచ్చు. నివేదికలో మేఘాలు లేవన్నంత మాత్రాన పైన ఆకాశం నిర్మలంగా ఉన్నదని అనుకొనరాదు. దీర్ఘ ప్రయాణాలకు లండను, వాషింగ్టన్‌లలోని ప్రపంచ ప్రాంతీయ వాతావరణ కేంద్రాలు ముఖ్య వాతావరణ పటాలు తయారు చేస్తాయి. వాటిలో జెట్ ప్రవాహాలు, కుదుపుల ప్రాంతాలు, క్యుములోనింబస్ శిఖరాల ఎత్తులు గుర్తించి ఉంటాయి. ఉపగ్రహాల పరారుణ చిత్రాలలో ఎగువ మేఘాలు చాలా చల్లగా ఉండడం వలన ప్రకాశవంతంగా కనిపిస్తాయి.

భారతదేశంలో

భారతదేశంలో ఎగువ స్థాయి మేఘాల అర్థం ఋతువును బట్టి మారుతుంది. చలికాలంలో ఉత్తర భారతంపై ఉపోష్ణ మండల పశ్చిమ జెట్ ప్రవాహం వీస్తుంది. పడమటి నుండి వచ్చే వాతావరణ అలజడులకు ముందు సిర్రస్, సిర్రోస్ట్రేటస్ కనిపిస్తాయి. హిమాలయాల దగ్గర పర్వత తరంగాల వలన కుదుపులు కలుగుతాయి.

వేసవిలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలలో మధ్యాహ్నం తరువాత లేచే ఉరుముల మేఘాల దాగలులు సాయంత్రానికి ఆకాశమంతా పరచుకుంటాయి. అప్పటి సిర్రస్ వాతాగ్రానికి గుర్తు కాదు. అది ఆ రోజు మేఘాల శేషం. నైరుతి రుతుపవనాల కాలంలో ద్వీపకల్పంపై చాలా ఎత్తున తూర్పు నుండి పడమరకు ఉష్ణ మండల తూర్పు జెట్ ప్రవాహం వీస్తుంది. దీనిని గురించి భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో పత్రం ప్రచురించాడు. తరువాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశాడు. ఈ ప్రవాహం దాగలులను పడమర వైపుకు లాగుతుంది కనుక ఆ కాలంలో మేఘాన్ని తూర్పు వైపు నుండి చుట్టి వెళ్ళడం సురక్షితం.

బంగాళాఖాతంలో తుఫాను ఏర్పడినప్పుడు దాని పైభాగం నుండి సిర్రస్ అన్ని వైపులకూ వెలువడుతుంది. తుఫాను కేంద్రం ఇంకా వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే కోస్తా ఆకాశంలో ఒక దిక్కు నుండి విచ్చుకున్నట్లు సిర్రస్ పోగులు కనిపించవచ్చు.

సంక్షిప్త పోలిక

* సిర్రస్: పోగులు, ఈకలు, కుదుపులు సాధారణంగా తక్కువ, రెక్కలపై మంచు పట్టదు, దిశ, మార్పు గమనించాలి.
* సిర్రోక్యుములస్: చిన్న గింజలు, నీడ లేదు, తేలిక నుండి ఒక మాదిరి కుదుపులు, స్వల్పంగా మంచు పట్టవచ్చు, త్వరగా మారుతుంది.
* సిర్రోస్ట్రేటస్: తెర, పరివేషం, కుదుపులు తక్కువ, దిక్చక్రం కనిపించదు, చిక్కబడితే వాన సూచన.
* దాగలి సిర్రస్: దట్టమైనది, క్యుములోనింబస్‌కు సంబంధించినది, వడగండ్లు, తీవ్రమైన కుదుపులు, స్ఫటికాల ప్రమాదం, దూరంగా ఉండాలి.

ఇవి కూడా చూడండి

* మేఘం
* క్యుములోనింబస్
* జెట్ ప్రవాహం
* పరివేషం
* ట్రోపోపాజ్
* తుఫాను